ఫ్లెమింగో ఎన్ని పిక్సెళ్లు?

పొద్దున 5.40. సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కాం. రెండు వైపులా పులికాట్, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. మంచు ఎంత దట్టంగా ఉందంటే బైకు లైటు పది అడుగులు దాటట్లేదు. ముందు మా బావ, వెనక నేను, నా వీపున ఒక బ్యాగు, ఒళ్లో ఇంకో బ్యాగు. రెండింటిలోనూ అద్దె కెమెరాలే. ఒక్క గుంతలో బండి జారితే నాలుగు లక్షలు పైచిలుకు నీళ్లలోకి పోతుంది. ఆ భయంతోనే చలి తెలీలేదు.

అసలు సంగతి చెప్తాను. నేను పెళ్లిళ్లకి రెండో కెమెరామన్‌ని. అంటే మెయిన్ కెమెరా అన్న మండపం ముందుంటే, నేను పక్కనుంచి అక్షింతలు, అత్తగారి కన్నీళ్లు, భోజనాల దగ్గర పిల్లల అల్లరి తీస్తుంటాను. నా దగ్గరున్నది పాత సోనీ, 24 మెగాపిక్సెల్. ఈ ఏడాది నేనే మెయిన్‌గా పెళ్లిళ్లు ఒప్పుకోవాలని ఉంది. దానికి కొత్త బాడీ కావాలి. చీటీ పాడితే చేతికొచ్చింది లక్షా డెబ్బై ఐదు వేలు. నేను కన్నేసిన కెమెరాలు రెండు. సోనీ ఏ7 ఫోర్, కెనాన్ ఆర్6 మార్క్ టూ. రెండూ మన దేశంలోకి వచ్చినప్పుడు ఒట్టి బాడీయే రెండు లక్షల నలభై వేల పైన. ఇప్పుడు కొంత తగ్గినా చీటీ డబ్బుకి అందేలా లేవు. తక్కువ పడేదానికి అమ్మ తన గొలుసు తాకట్టు పెడదామంది. పెట్టేద్దాం అని తనే రెండుసార్లు అడిగింది. అదే నాకు నిద్ర పట్టనీయలేదు.

మా బావకి నాయుడుపేటలో చిన్న స్టూడియో ఉంది. ఆయన ఒక్కటే మాటన్నాడు. "కొట్లో కూచుని చూస్తే అన్ని కెమెరాలూ మంచియ్యే. మూడు రోజులు అద్దెకి తెచ్చుకో. నీళ్ల మీదికి తీసుకుపోదాం. ఏది నీకు పనికొస్తాదో అప్పుడు తెలుస్తాది."

అది పుష్యమాసం. మాకు శూన్యమాసం, ముహూర్తాలుండవు, అద్దె కెమెరాలన్నీ బీరువాల్లో ఖాళీగా ఉంటాయి. నెల్లూరులో అద్దెకిచ్చే అబ్బాయి పెళ్లిళ్ల సీజన్ రేటులో సగానికి ఇచ్చేశాడు. మీరు కూడా కెమెరా కొనేముందు అద్దెకి తెచ్చి చూడాలనుకుంటే పుష్యంలోనో ఆషాఢంలోనో అడగండి. బేరం సులువు.

మొదటి రోజు పులికాట్ కాదు, నేలపట్టు. నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట వెళ్లే హైవే మీద దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. ఊరి చెరువే పక్షుల కేంద్రం. నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతులు. ఒక్కో కొమ్మ మీద అరడజను గూళ్లు. చెరువు గట్టెక్కేసరికి ముక్కుకి ముందు వాసన తగులుతుంది, తర్వాత చెవికి రొద. పిల్లలు ముక్కులు బార్లా తెరిచి అరుస్తుంటే పెద్దవి చేపల్ని గొంతు సంచిలోంచి తీసి పెడుతుంటాయి. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకి మంచి ఎరువని ఊరి రైతులకి పక్షులంటే గౌరవం. ఎవరూ వాటి జోలికి వెళ్లరు.

ఇక్కడ పక్షులు బాగా దగ్గర. గట్టు మీదినుంచే 300, 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఫ్రేము నిండిపోతుంది. నేను మొదట కెనాన్ తీశాను. దానికి తగిలించింది 100-400 లెన్స్, ముప్పావు కిలో కూడా ఉండదు. చేత్తో పట్టుకుని గంటసేపు నిలబడొచ్చు. సోనీకి అద్దెకి దొరికింది 200-600. అది రెండు కిలోల పైన. పది నిమిషాలకి నా ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. బావ నవ్వి, "మెగాపిక్సెళ్లు మోసేది నీ చెయ్యే" అన్నాడు.

కాపలా పెద్దాయన ఒకరు మా తంటాలు చూస్తూ ఉన్నాడు. "ఎగిరేది తియ్యాలంటే ఎగిరినాక చూస్తే ఎట్టబ్బయా? అది గాలికి ఎదురు తిరుగుద్ది చూడు, మెడ ముందుకి సాపుద్ది. అప్పుడు నొక్కు" అన్నాడు. నేను తలూపాను. ఊపి, మెనూలోకి వెళ్లి సెకనుకి ఎన్ని ఫొటోలు పడాలో సరిచేస్తున్నాను. సరిగ్గా అప్పుడు మా ఎదురు కొమ్మ మీది గూడబాతు గాలికి తిరిగి, మెడ చాపి, రెండు రెక్కలూ విప్పి నా నెత్తి మీదుగా వెళ్లిపోయింది. కెనాన్ ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకి 40 ఫొటోలు తీస్తుంది, సోనీ 10. ఆ క్షణంలో నేను తీసినవి సున్నా. పెద్దాయన ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకున్నాడు.

ఆ రోజు రాత్రి ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూచున్నాం. నేలపట్టు ఫొటోలు 24 మెగాపిక్సెళ్లవీ, 33 మెగాపిక్సెళ్లవీ పక్కపక్కన పెట్టి చూశాం. ఫ్రేము నిండా పక్షి ఉన్నచోట తేడా కనపడాలంటే ఈకల్లోకి జూమ్ చేసి వెతకాలి. ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి, చాలామంది మోసపోయేది ఇక్కడే. 24 నుంచి 33 అంటే మూడో వంతుకు పైగా ఎక్కువ అనిపిస్తుంది. కానీ పిక్సెళ్లు అడ్డంగానూ నిలువుగానూ పరుచుకుంటాయి. 24 అంటే అడ్డం 6000, నిలువు 4000. సోనీ 33 అంటే అడ్డం 7008, నిలువు 4672. అంటే ఒక వైపు పెరిగింది నూటికి 17 మాత్రమే. డబ్బాల మీద రాసే అంకె వైశాల్యానిది, మన కంటికి కనపడేది పొడవు. ఫొటో సైజు రెండింతలు కావాలంటే 24ని 48 చేస్తే చాలదు, 96 చెయ్యాలి.

మరి పక్షి దూరంగా ఉంటే? కత్తిరించుకోవాల్సి వస్తే? అక్కడే కదా ఎక్కువ పిక్సెళ్లు అక్కరకొచ్చేది. అందుకే రెండో రోజు తెల్లారక ముందే పులికాట్ రోడ్డెక్కాం.

చిలకా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పెద్దదంటే లోతైందని కాదు, చాలాచోట్ల మోకాలి లోతే. అందుకే ఫ్లెమింగోలకి ఇష్టం. పొడుగు కాళ్లతో నిలబడి, తల తిరగేసి నీళ్లలో ముంచి, బురదలోంచి మేత వడగట్టుకుంటాయి. చలికాలంలో వేలల్లో వస్తాయి. సూళ్లూరుపేటలో వాటి పేరు మీదే పండగ కూడా చేస్తారు. రోడ్డు మీద బండి పక్కకి ఆపి, గట్టు దిగకుండా చూడొచ్చు. అవతలి కొసన అంతరిక్ష కేంద్రం ఉంది కాబట్టి డ్రోన్ ఆలోచన పెట్టుకోకండి, చెక్‌పోస్టు వైపు కెమెరా తిప్పకండి. మాకు కావల్సింది నీళ్ల వైపే.

6.30కి మంచు కొంచెం విడింది. ముందు బూడిద రంగు నీళ్లు, తర్వాత వాటి మీద ఒక గులాబీ గీత. గీత కదిలింది. వందల కాళ్లు ఒకేసారి అడుగు వేస్తున్నాయి. బావ కూడా మాట్లాడ్డం మానేశాడు. ఆ నిశ్శబ్దంలో దూరంగా వాటి గుసగుస, బాతుల మాటల్లాంటిది, నీళ్ల మీద జారుకుంటూ వస్తుంది.

దగ్గరి గుంపు 200 మీటర్లనుకుందాం. ఫ్లెమింగో ఎత్తు నాలుగు అడుగులనుకుందాం. 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఆ పక్షి కాలి నుంచి తల దాకా దాదాపు 400 పిక్సెళ్లు. అదే 400 దగ్గర, 33 మెగాపిక్సెల్‌లో 470. సోనీ లెన్స్‌ని నిజంగానే 400 దగ్గర ఆపి తీసి చూశాను, లెక్క సరిపోయింది. తర్వాత అదే లెన్స్‌ని 600కి లాగాను. 700 పిక్సెళ్లు! లెన్స్ బారు పెరిగితే వచ్చింది 230, మెగాపిక్సెళ్లు పెరిగితే వచ్చింది 70. ఇంకోలా చెప్పాలంటే, 24 కెమెరాకి 600 లెన్స్ పెట్టుకున్నవాడికి దొరికే పక్షిని, 400 లెన్స్ ఉన్నవాడు కత్తిరించుకుని తెచ్చుకోవాలంటే వాడికి 54 మెగాపిక్సెళ్ల కెమెరా కావాలి.

నేను ఈ లెక్క ఫోన్ కాలిక్యులేటర్లో చేసి బావకి చూపిస్తే, "అందుకేరా మా నాయిన కెమెరా అమ్ముకున్నా లెన్సు అమ్ముకోలేదు" అన్నాడు.

తొమ్మిదిన్నర దాకా పండగే. తర్వాత ఎండెక్కింది. అప్పుడు చూడాలి తమాషా. వ్యూఫైండర్లో ఫ్లెమింగోల కాళ్లు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. ఫోకస్ తప్పిందేమో అనుకున్నాను. సోనీ మార్చి కెనాన్ తీశాను, అదే మెలిక. వేడెక్కిన గాలి నీళ్ల మీద సెగలా లేస్తుంది, అందులోంచి చూస్తే ఏ లెన్సూ ఏ సెన్సరూ ఏమీ చెయ్యలేవు. పదకొండింటికి తీసిన 33 మెగాపిక్సెళ్ల ఫొటో కంటే ఏడింటికి ఫోన్ జూమ్‌తో బావ తీసిందే నయం అనిపించింది. నిజంగా నయమా అంటే కాదులెండి, కోపంలో అనిపించింది. కానీ ఆ రెండు గంటల్లో నా దగ్గరున్న సామాను విలువ రూపాయి కూడా మారలేదు. ఫొటోల విలువ మాత్రం పూర్తిగా పోయింది. పులికాట్ వెళ్లేవాళ్లు ఏడు లోపే అక్కడ ఉండండి. ఎనిమిదికి లేచి టిఫిన్ చేసి బయల్దేరితే మీకు దొరికేది సెగ మాత్రమే.

ఎండలో ఊరికే కూచోకుండా వీడియో పని చూశాం. నాకు బువ్వ పెట్టేది వీడియోనే కదా. స్లో మోషన్ కావాలంటే సెకనుకి 50 ఫ్రేములు తియ్యాలి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ట్యూబ్‌లైట్ల కింద 60 పెడితే వీడియో మినుకు మినుకుమంటుంది, అందుకే పెళ్లి హాళ్లలో 25, 50 వాడతాం. ఇక్కడ రెండు కెమెరాలూ వేర్వేరు దారులు పట్టాయి. కెనాన్ 4కెలో 50, 60 ఫ్రేములు సెన్సర్ మొత్తం వెడల్పుతో తీస్తుంది. సోనీ అదే పని చెయ్యాలంటే సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. చుట్టూ కోసేస్తుంది. 600 లెన్స్ 900లాగా పని చేస్తుంది. పులికాట్ గట్టు మీద అది నాకు వరం. ఫ్లెమింగో నీళ్లలోంచి పరిగెత్తి లేస్తుంటే, కాళ్ల నుంచి రాలే చుక్కలు కూడా ఫ్రేములోకి వచ్చాయి. ఎగిరి కూచున్నాను.

కానీ నేను బతికేది గట్టు మీద కాదు. మా పెళ్లిళ్లు సగం ఇళ్ల ముందు పందిళ్లలోనే. వెనక్కి జరుగుదామంటే గోడ, పక్కన కూలరు, కాళ్ల కింద పురోహితుడి సామాను. అక్కడ 28 లెన్స్ 42 అయిపోతే పెళ్లికొడుకు పడతాడు, పెళ్లికూతురు బయటే ఉండిపోతుంది. సరస్సు దగ్గర దేనికి ముద్దు పెట్టుకున్నానో, పందిట్లో దాన్నే తిట్టుకోవాలి. రివ్యూ వీడియోల్లో దీన్ని లోపం అంటారు. నిలబడే చోటుని బట్టి అది లోపమో లాభమో అవుతుందని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

రీల్స్ సంగతి కూడా చూశాం. ఈమధ్య పెళ్లివాళ్లు సినిమా కంటే ముందు రీల్ అడుగుతున్నారు, అదీ తాళి కట్టిన గంటలోపు. అడ్డంగా తీసిన 4కె వీడియోలోంచి నిలువు ముక్క కోస్తే 1215 అడ్డం, 2160 నిలువు వస్తుంది. రీల్‌కి కావల్సింది 1080, 1920. సరిపోతుంది, కానీ కాస్తే మిగులుతుంది. మనిషిని మధ్యలో పెట్టుకోకపోతే ఇంకా జూమ్ చేసుకునే వీలుండదు. ఈ విషయంలో పానసోనిక్ ఎస్5 టూ లాంటివి తెలివైనవి, సెన్సర్ మొత్తం ఎత్తుతో 6కె తీస్తాయి, అందులోంచి అడ్డమూ నిలువూ రెండూ కోసుకోవచ్చు. అది అద్దెకి దొరకలేదు. అందుకని నా లెక్కలోకి తేలేదు.

సాయంత్రం అయిదున్నర తర్వాత మళ్లీ గాలి కుదుటపడింది. సూర్యుడు సూళ్లూరుపేట వైపు దిగుతున్నాడు. నారింజ నుంచి ఊదా, ఊదా నుంచి నీలం, మధ్యలో ఎక్కడ మారిందో చెప్పలేం. నా పాత కెమెరా కూడా తెచ్చాను. మూడింటితోనూ అదే ఆకాశాన్ని అర నిమిషం పాటు తీశాను. రాత్రి కలర్ చేస్తే బండారం బయటపడింది. పాతదానిలో ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయింది, గోడకి నాసిరకం సున్నం కొట్టినట్టు చారలు. కొత్త రెండింటిలోనూ నున్నగా ఉంది. పాతది 8-బిట్, ఒక్కో రంగుకి 256 మెట్లు. కొత్తవి 10-బిట్, 1024 మెట్లు. మూడు రోజుల్లో నా కంటికి ఎక్కడా వెతక్కుండా కనపడిన తేడా ఇదొక్కటే. దీనికీ మెగాపిక్సెళ్లకీ ఏ సంబంధమూ లేదు. రిసెప్షన్ స్టేజీ వెనక వేసే ఊదా, నీలం లైట్లు గుర్తొచ్చాయి. నా వీడియోల్లో అవెందుకు చారలు పడతాయో, ఎడిటర్ అన్న నన్నెందుకు తిడతాడో అప్పుడర్థమైంది.

ఇంకో ఖర్చు కూడా ఆ రాత్రే తెలిసింది. సోనీలో ఆ 4కె స్లో మోషన్ మంచి క్వాలిటీలో పెడితే నిమిషానికి ఒకటిన్నర జీబీ. ఆపకుండా తీస్తే గంటకి 90. ఫొటో ఫైలు కంప్రెస్ చెయ్యకుండా పెడితే ఒక్కోటి 70 ఎంబీ దాకా. రెండు రోజులకే బావ హార్డ్‌డిస్క్ ఎర్రగా నిండిపోయింది. ల్యాప్‌టాప్ ఫ్యాను విమానంలా మోగుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అదేంది, పేలిపోదు గదా?" అంది. కెమెరా ధర రాసుకునేటప్పుడు పక్కన కార్డులు, డిస్కులు, ల్యాప్‌టాప్ రాసుకోరు ఎవరూ. నేనూ రాసుకోలేదు.

మూడో రోజు పొద్దున నెల్లూరు వెళ్లి ప్రింట్లు వేయించాం. పెళ్లి ఆల్బమ్ పేజీ 12 ఇంటూ 18. అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి 5400 అడ్డం, 3600 నిలువు చాలు. 24 మెగాపిక్సెళ్లలో అది పట్టేసి ఇంకా మిగులుతుంది. నేలపట్టు గూడబాతు ఒకటి కెనాన్‌ది, ఒకటి సోనీది, వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి ల్యాబ్‌లో ఉన్న అన్న ముందు పెట్టాం. ఇరవై ఏళ్లుగా ఆల్బమ్‌లే చేస్తున్నాడు. కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, "ఇది ఎక్కువది" అని కెనాన్ చూపించాడు. మేం నవ్వితే ఆయన నొచ్చుకోలేదు. "రెండు పేజీలు కలిపి ఒకే ఫొటో పరిస్తే చెప్పు, అప్పుడు కనపడుద్ది" అన్నాడు. నిజమే, 12 ఇంటూ 36 షీటు మొత్తం ఒకే ఫొటో అయితే 10,800 పిక్సెళ్ల వెడల్పు కావాలి. 33 కూడా చాలదు. కానీ అలాంటి షీటు ఆల్బమ్‌లో ఒకటో రెండో. దాన్ని చేతిలో పట్టుకుని కాదు, ఒళ్లో పెట్టుకుని చూస్తారు.

ఇంటికొచ్చి అమ్మకి చూపించాను. రెండు గూడబాతుల్నీ పక్కన పెట్టేసి, పాత కెమెరాతో తీసిన తాత ఫొటో పట్టుకుంది.

ఆ తాత గురించి చెప్పలేదు కదూ. సూర్యాస్తమయం తీస్తున్నప్పుడు గట్టు పక్కన నడుం లోతు నీళ్లలో విసురువల వేస్తున్నాడు. నేను పాత కెమెరాకి నా 28-75 లెన్స్ పెట్టుకుని ఆకాశం కోసం నిలబడి ఉన్నాను. వల గాలిలో గొడుగులా విప్పుకుంది. మూడు ఫొటోలు నొక్కాను. ఒకదానిలో వలకి వెనక నుంచి ఎండ పడి, తాత మొహం మీద వల కన్నుల నీడ. గట్టెక్కి వచ్చి, "నా మొహం పడిందా అబ్బయా?" అని అడిగాడు. స్క్రీను చూపిస్తే తడి చేతులు లుంగీకి తుడుచుకుని మరీ చూశాడు. "దీన్ని కాయితం మీద ఇస్తావా?" అన్నాడు.

ఇక లెక్కకొద్దాం. కెనాన్ నాకు నచ్చింది, అబద్ధమెందుకు. చేతిలో ఇమిడింది, స్లో మోషన్‌లో గోడకి ఆనుకోవాల్సిన పని లేదు. కానీ దానికి మారితే నా దగ్గరున్న రెండు లెన్సులూ అమ్ముకుని అన్నీ మొదట్నుంచి కొనాలి. సోనీకయితే సిగ్మా, టామ్‌రాన్ వాళ్ల లెన్సులు సగం ధరకి, సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా తక్కువకి దొరుకుతాయి. కెనాన్ ఫుల్‌ఫ్రేముకి ఆ సౌకర్యం లేదు. పైగా మా పెళ్లి బ్యాచ్‌లో నలుగురం ఉంటే ముగ్గురిది సోనీ. ముహూర్తం మధ్యలో బ్యాటరీ అయిపోతే పక్కవాడి జేబులోంచి లాక్కోవచ్చు. ఈ ఉపయోగం ఏ స్పెసిఫికేషన్ పట్టికలోనూ ఉండదు.

అందుకని సోనీయే. అయితే కొత్తది కాదు. ఊళ్లు తిరిగి పెళ్లిళ్లు మానేసి బెంగళూరు వెళ్లిపోతున్న ఒక అన్న దగ్గర రెండేళ్లు వాడిన ఏ7 ఫోర్, లక్షా ముప్పై రెండు వేలకి. షట్టర్ ఎంత తిరిగిందో చూశాం. సెన్సర్ మీద గీతలేమైనా ఉన్నాయేమో ఆకాశం మీద పెట్టి చూశాం. అరగంట సేపు ఆపకుండా 4కె రికార్డు పెట్టి వేడెక్కుతుందేమో చూశాం. మిగిలిన డబ్బులో రెండు కార్డులు, ఒక హార్డ్‌డిస్క్, పందిళ్ల కోసం సెకండ్‌హ్యాండ్ 17-28 వైడ్ లెన్స్. స్లో మోషన్‌లో కోత ఉంది, ఉంటుంది. దాన్ని వైడ్ లెన్స్‌తో కొంత, దగ్గరి షాట్లకే స్లో మోషన్ వాడటంతో కొంత సర్దుకుంటున్నాను. ఒక్కోసారి చిరాకేస్తుంది. 600 లెన్స్ కొనలేదు. కావల్సినప్పుడు పుష్యంలో అద్దెకి తెచ్చుకుంటాను. అమ్మ గొలుసు అమ్మ మెడలోనే ఉంది. "పెట్టాల్సిన పన్లేదా?" అని మూడోసారి అడిగి, లేదంటే ఏమీ మాట్లాడకుండా పొయ్యి దగ్గరికెళ్లింది. ఆ పూట చేపల పులుసు.

మాఘమాసం మొదటి పెళ్లి అయ్యాక ఒక ఆదివారం మళ్లీ పులికాట్ వెళ్లాను. లాంగ్ లెన్స్ లేదు. ఫ్లెమింగోలు దూరంగా గులాబీ గీతలాగే ఉన్నాయి. తాత కోసం గట్టు మీద గంట వెతికాను. పడవ పక్కన వల చిక్కులు తీసుకుంటూ దొరికాడు. ఆరు ఇంటూ నాలుగు సైజు ప్రింటు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. దానికి కావల్సింది రెండు మెగాపిక్సెళ్లు. కవరు విప్పకుండా ఎండకి ఎత్తి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకి తిప్పాడు.

"మా ఆడమనిషిది గూడా ఒకటి తియ్యబ్బయా. చేపలమ్మను పోయుండాది. కూచో, వచ్చేస్తాది."

బ్యాగు పక్కన పెట్టి పడవ అంచు మీద కూచున్నాను.